తువ్వాలంత ఎడం

ఆ వేసవి పొడుగునా నాకూ ధనుష్‌కూ మధ్య ఒక తువ్వాలు ఉండేది. నీలం గళ్ళది. ఒక కొస వాడి చేతిలో, ఇంకో కొస నా చేతిలో. అలా తువ్వాలు పట్టుకొని ఐస్ డాన్స్ నేర్చుకున్న జోడీ ఈ భూమ్మీద మేము తప్ప ఇంకెవరూ ఉండరు. గొప్ప కోసం చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను.

ఐస్ డాన్స్ అంటే ఏమిటో మా ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ తెలియదు. మదనపల్లెలో ఐసంటే పుల్ల ఐసు, లేదంటే చెరుకు రసంలో వేసే ఐసు. అందుకే ముందే చెప్పేస్తాను. గడ్డకట్టిన నీళ్ళ మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, అడుగున కత్తులున్న బూట్లు వేసుకొని పాటకు తగ్గట్టు కలిసి జారుతారు. పైకెగిరి గిరగిరా తిరిగేది వేరే ఆట. మాది కలిసి కదిలే ఆట. ఇద్దరూ ఎంత దగ్గరగా, ఎంత ఒక్క మనిషిలా కదిలితే అన్ని మార్కులు. ఎడం పడిందా, మార్కులూ పడిపోతాయి.

నేను మదనపల్లె మిషన్ కాంపౌండు పిల్లను, పేరు జెమీమా. ధనుష్ పుంగనూరులో చింతపండు మండీ జయచంద్ర కొడుకు. మా గురువు శాంతికుమార్ సార్ కుప్పంలో ఒక బడిలో పీటీ సార్. వయసులో ఉండగా పెద్ద పెద్ద ఓడల మీద ఐసు షోలలో ఆడి, మోకాలు పోగొట్టుకొని సొంతూరు చేరాడు. ఆ బడి సిమెంటు కోర్టు మీద చక్రాల బూట్లతో మాకు అడుగులు నేర్పించేవాడు. ఎప్పుడన్నా ఒక శనివారం కుప్పంలో రైలెక్కించి, బెంగళూరులో ఒక మాల్‌లో ఉన్న ఐసు రింకుకు తీసుకుపోయేవాడు. మా వైపంతా గాలించినా ఐసు మీద నిలబడగలిగిన మగపిల్లాడు ధనుష్ ఒక్కడే. వాడు లేకపోతే నేను లేను. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు.

ఆ జూలైలో నేషనల్స్. జూనియర్లలో మొదట వచ్చిన జోడీని బయటి దేశంలో పోటీకి పంపుతారు. ధనుష్‌కు జూనియర్‌గా ఆడే వయసు ఆ ఏడుతో సరి. "గెలిస్తే ఆడుకో. గెలవలేదా, వచ్చి మండీలో కూసో" అని వాళ్ళ నాయన తేల్చి చెప్పేశాడు. అంటే మేము గెలవకపోతే నా ఆట కూడా అంతటితో సరి. అన్నం తింటున్నా, పండుకొని పైకప్పు చూస్తున్నా ఇదొక్కటే నా తలలో తిరిగేది.

సరిగ్గా అప్పుడే ఎవరో పుణ్యాత్ములు మేము ఆడుతుండగా ఫోనులో తీసి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ధనుష్ చెయ్యి నా నడుం మీద ఉంది. నేను వెనక్కి వాలి నవ్వుతున్నాను. నవ్వడం కూడా ఆటలో భాగమేనని ఎవరికని చెప్పేది? మా ఇద్దరి మధ్యా ఏముంది అంటే, ఎడమ కాలు ముందా కుడి కాలు ముందా అనే తగువు ఉంది. అంతకు మించి ఆలోచించే తీరిక మాకు లేదు.

మా నాన్న వరప్రసాద్ ఆస్పత్రి ల్యాబులో పని చేస్తాడు. సంఘంలో పెద్ద. పాస్టరుగారి పక్కన నిలబడి ప్రభు బల్ల సంస్కారంలో రొట్టె, ద్రాక్షరసం అందించే మనిషి. ఆయన గట్టిగా అరిచినా బాగుండేది. అరవలేదు. జయచంద్రకు ఫోను చేసి, ఇద్దరూ కలిసి ఒక రోజు కుప్పంలో సార్ ఇంటికి వచ్చారు. ధనుష్ అవ్వ కృష్ణమ్మ కూడా వచ్చింది. కొడుకు మాట మీద ఆమెకు నమ్మకం తక్కువ.

"ఆట మాన్పించమని నేను చెప్పలేదు సార్," అన్నాడు నాన్న. "చెయ్యి పట్టుకోకుండా నేర్పించలేరా అని అడగతాండాను."

"ఈత నేర్పించు, నీళ్ళు మాత్రం తగలకూడదంటే ఎట్లప్పా?" అన్నాడు సార్.

"మాకూ ఇబ్బందిగానే ఉండాది సార్," అని జయచంద్ర అందుకున్నాడు. "మా వాళ్ళల్లో ఒగాయన ఫోను జేసి, కొత్త కోడలు దొరికిందంట గదప్పా అంటాడు. నేనేం చెప్పేది?"

ఇక ఆట అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు కృష్ణమ్మ అవ్వ లేచి కొడుకు భుజం మీది తువ్వాలు లాగి ధనుష్‌కూ నాకూ చూపించింది.

"ఇదో, దీన్ని పట్టుకోండి. ఆ కొస నువ్వు, ఈ కొస ఈ పాప. చెయ్యికి చెయ్యి తగల్దు, ఆటకి ఆటా అవుతాది. దీనికింత పంచాయితీ యాల?"

నాయనలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేరే దేవుళ్ళ వాళ్ళు, వేరే ఊళ్ళ వాళ్ళు, ఆ ఒక్క సంగతిలో మాత్రం అన్నదమ్ముల్లా ఒక్కటయ్యారు. "పోటీ దినం ఒక్కరోజు పట్టుకోండమ్మా," అన్నాడు నాన్న నా వైపు తిరిగి. "ఆ పొద్దు అది ఆట, అందరూ సూస్తాంటారు. తక్కిన దినాలు ఇది." సార్ పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు అయింది. సరేనన్నాడు. ఆట మిగిలిందే చాలని నేనూ తలూపాను. ఆ సంతోషంలో తువ్వాలు ఎంత పొడుగుందో కూడా చూసుకోలేదు.

ఎండలు ముదిరాయి. మదనపల్లెలో అమ్మా నేనూ బస్సెక్కేవాళ్ళం. పుంగనూరులో ధనుష్ ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు. మా అమ్మ ప్రేమకుమారి నర్సు. నాకు తోడు రావడం కోసం డ్యూటీలు మార్చుకొని, రాత్రి పని చేసి పగలు బస్సులో నిద్రపోయేది. కుప్పంలో దిగాక కోర్టు పక్కన నీడలో కూర్చుని అల్లిక పట్టుకునేది. మేము ఆడేవాళ్ళం, తువ్వాలుతో.

తమాషా ఏమిటంటే, మాకు అది బాగా వచ్చేసింది. తువ్వాలు బిగిస్తే తిరగాలి, వదులైతే ఆగాలి, కొస మీదికి లేస్తే కింద నుంచి దూరిపోవాలి. కళ్ళు మూసుకొని కూడా ఆడగలిగేవాళ్ళం. బడి పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవాళ్ళు. మాకు గర్వం కూడా వచ్చింది. సార్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"మీరు ఆడతాండలేదు," అన్నాడు ఒకరోజు. "తువ్వాలు ఆడతాండాది. మీరిద్దరూ దానికి ఆపక్కా ఈపక్కా కట్టిన కుచ్చులు."

"మరి మా నాన్నతో మీరే చెప్పండి సార్," అన్నాను ఉక్రోషంగా.

"రామకుప్పం పొలాల మీద పడే ఏనుగులకన్నా అడ్డం పోతాను గానీ, మీ నాయనల జోలికి పోలేనమ్మా."

నవ్వాము. నవ్వి మళ్ళీ తువ్వాలు పట్టుకున్నాము. జూన్ వచ్చేసింది.

బెంగళూరు పోయే రోజున, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, అమ్మ ఆ తువ్వాలును సంచిలో పెట్టుకొని వచ్చింది. రింకు దగ్గర స్వెట్టరు వేసుకొని, అడ్డగోడ పక్కన కూర్చుని, దాన్ని మాకు అందించింది. సార్ ఆమె ముందు నిలబడ్డాడు. ఆ మనిషి ఎవరినీ బతిమాలగా నేను అంతకు ముందు చూడలేదు.

"అమ్మా, ఒక్క అరగంట. నేషనల్స్‌కి ముందు మనకి ఐసు దొరికేది ఇదే ఆకరు. ఇప్పుడన్నా పట్టుకోకపోతే వీళ్ళు ఆడ పోయి ఏం చేస్తారు?"

అమ్మ నా వైపు చూసింది. ధనుష్ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా లేచింది. "నాకు చలేస్తాండాది," అంది. "బయటికి పోయి టీ తాగొస్తాను."

వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు.

పాట పెట్టారు. ధనుష్ చెయ్యి నా వీపు మీద పడింది. ఎంతో కాలంగా అడుగుతున్న చెయ్యి అది. తీరా పడేసరికి నా ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. వాడి అరచెయ్యి చెమటతో తడిగా, చింతపండు పనికి గరుకెక్కి ఉంది. వాడి ఊపిరి నా చెవి దగ్గర వినిపించింది. వాడు నన్నే నమ్ముకొని తన బరువంతా మలుపులోకి వాల్చాడు. ఆ బరువును నేను తీసుకోవాలి. ఎట్లా తీసుకోవాలి? తువ్వాలుకు బరువుండదు గదా. నేను అడుగు వెనక్కి వేశాను, ఇద్దరం కలిసి పడ్డాము. వాడి గడ్డం నా నెత్తికి కొట్టుకుంది. తెల్లటి ఐసు మీద రక్తం చుక్కలు పడ్డాయి.

అమ్మ పరుగెత్తుకొచ్చి ఆ తువ్వాలే వాడి గడ్డానికి అదిమి పట్టింది. కుట్లు పడ్డాయి. నలుగురం రైల్లో తిరుగుముఖం పట్టాము. మేము ఆడలేమని నాకు అప్పుడే తెలిసిపోయింది. సార్‌కీ తెలుసు. ఆయన కిటికీ బయటికి చూస్తూ మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఇంట్లో అసలు సంగతి అమ్మే చెప్పింది. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోలేదు, కంచంలో చెయ్యి మాత్రం ఆగిపోయింది. "నువ్వు కూడానా ప్రేమా?" అన్నాడు.

"నాన్నా," అని ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మమ్మల్ని చెయ్యి పట్టుకోనీ నాన్నా. ఈ కొన్ని దినాలే. నువ్వే వచ్చి ఎదురుగా కూసో. సంఘమంతా వచ్చి కూసోనీ. పట్టుకోకపోతే మేము ఓడిపోతాము."

"మాట ఇచ్చినానమ్మా. పాస్టరుగారికి ఇచ్చినాను, జయచంద్రకి ఇచ్చినాను. నీ గురించి ఇంకొక్క మాట వస్తే నేను బల్ల కాడ నిలబడలేను. ఆ రొట్టె ముట్టుకోలేను." ఆయన కంచం పక్కకు జరిపాడు. "ఓడిపోతే ఏమమ్మా? ఓడిపోయినోళ్ళు బతకడంలేదా?"

ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేది! ద్వేషించి ఊరుకునేదాన్ని. ఆ వారమంతా నేను చేసిన ప్రార్థనలు బయటికి చెప్పుకోదగ్గవి కావు. దేవా, మా నాన్న మనసు మార్చు, మార్చలేకపోతే ఆయన పెద్దరికం ఊడగొట్టు అని అడిగాను. ఏదీ జరగలేదు. దేవుడి మీద కోపమొచ్చి కీర్తనల్లో పెదవులు మాత్రం ఆడించాను.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, వంటింట్లో నా ముందు నిలబడింది. "రా. నన్ను పట్టుకో."

"నువ్వా?"

"వాడు ఎట్ల పట్టుకుంటాడో సూపించు. నేనూ మనిషినే గదా, నాకూ బరువుండాది."

అమ్మ చేతిని నా వీపు మీద పెట్టాను. ఆమె నా భుజం దాకా మాత్రమే వస్తుంది. ధనుష్ ఎత్తు రావాలని పీట ఎక్కింది. పీట ఎక్కితే అడుగు వేయడం కుదరదు. దిగితే ఎత్తు చాలదు. యూనిఫారం చీరకు ఆస్పత్రి మందుల వాసన. స్టవ్‌కూ గిన్నెల స్టాండుకూ మధ్య ఆమెను ఒకసారి తిప్పాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

"పుంగనూరుకి పోదాం పద," అంది అమ్మ. "ఆ ముసలామె పెట్టిన ముడి ఇది. ఆమే విప్పాల."

మేము వెళ్ళేసరికి మండీ ఆవరణలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. పులుపు వాసనకు పళ్ళు జివ్వుమన్నాయి. గడ్డానికి ప్లాస్టరుతో ధనుష్ మూటలు కుడుతున్నాడు. నన్ను చూసి దబ్బనం కింద పెట్టాడు.

"జెమ్మీ, నేనీడ కూసోలేను," అన్నాడు మెల్లగా. "మా నాయన ఇప్పటి నుంచే నాకు చోటు సూపిస్తాండాడు. అదో, ఆ గల్లాపెట్టె పక్కన. ఆడ కూసుంటే నాకు ఊపిరాడదు."

కృష్ణమ్మ అవ్వ మాకు మజ్జిగ ఇచ్చింది. అమ్మ చెప్పిందంతా ఓపికగా విన్నది. నేను ఆమె చేతులు పట్టుకొని బతిమాలాను.

"నేనొకటి అడగతాను, చెప్పు పాపా," అంది. "తువ్వాలుతో ఇన్ని దినాలు ఆడినారే, ఒక్కసారన్నా పడినారా?"

"లేదవ్వా."

"చెయ్యి పట్టుకున్నారు, పడినారు. అవునా కాదా?"

అవునని తలూపాను. నిజమే గదా.

"అవ్వా, నేనంటే నీకు ఇష్టం లేదా?" అని అడిగేశాను ఇక ఏం చెయ్యాలో తెలియక.

ఆమె నా గడ్డం పట్టుకొని మొహం పైకెత్తింది. "శానా మంచి పిల్లవు నువ్వు," అంది. "అందుకే నా భయం."

మజ్జిగ తాగి వచ్చేశాము. ఇక అడగడానికి మనుషులు మిగల్లేదు.

నేషనల్స్ ఉత్తరాదిన. రెండు రైళ్ళు మారి పోయాము, సార్, అమ్మ, మేమిద్దరం. పోటీ పొద్దున ధనుష్ నా ముందు చెయ్యి చాపి, "ఈ పొద్దు మనకి పర్మిషన్ ఉండాది గదా," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

మా పేర్లు పిలిచారు. రింకు మధ్యకు పోయి నిలబడ్డాము. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. పాట మొదలైంది, కదిలాము. అడుగు తప్పలేదు. తాళం తప్పలేదు. కానీ నా మోచెయ్యి వంగలేదు. వాడిదీ వంగలేదు. వాడు దగ్గరికి వస్తే నాకు తెలియకుండానే నేను అంత దూరం జరిగాను. నేను ఆనుకోవాల్సిన చోట వాడు పక్కకు తప్పుకున్నాడు. ఛాతీకి ఛాతీ ఆనించి తిరగాల్సిన మలుపులో మా మధ్య నుంచి ఒక మనిషి నడిచి పోవచ్చు. దగ్గరికి రా, దగ్గరికి రా అని నేను లోలోపల అరుస్తున్నాను. వాడి కళ్ళలోనూ అదే అరుపు కనబడుతోంది. ఒళ్ళు వినలేదు. వేసవంతా నేర్పింది అది చక్కగా నేర్చుకుంది.

మేము పడలేదు. పడి ఉంటే బాగుండేది, కనీసం కాలు జారిందని చెప్పుకోవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇప్పుడు ఎవరి మీద నెట్టేది?

బయటికి వచ్చాక న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ సార్‌ను పక్కకు పిలిచి, ఈ పిల్లలిద్దరికీ ఏదన్నా గొడవా అని అడిగింది. సార్ తల వంచుకొని, "లేదు మేడం, మంచి పిల్లలు," అన్నాడు.

మా తర్వాత ఉత్తరాది జోడీ ఒకటి ఆడింది. వాళ్ళు అంత గొప్పగా ఏమీ ఆడలేదు. ఒకచోట అమ్మాయి తూలింది. తూలితే అబ్బాయి గుండెకు హత్తుకొని ఎత్తేసినట్టు నిలబెట్టాడు. అక్కడి వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆపకుండా కొట్టాను.

మార్కులు వచ్చాయి. అందరికన్నా అడుగున మేము. ధనుష్ బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు నిదానంగా విప్పి, బూట్లు తుడిచి, సార్ చేతికిచ్చాడు. "ఇంకెవరికన్నా పనికొస్తాయి సార్," అన్నాడు. నా వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అమ్మ ఫోను మోగింది. నాన్న. అమ్మ దాన్ని నా చేతికిచ్చింది. అటువైపు గోలగా ఉంది. లైవ్ వస్తుందని తెలిసి సంఘం వాళ్ళంతా చర్చి హాల్లో తెర కట్టుకొని చూశారట. మా ఆట అంతా చూసి, తర్వాతి జోడీ ఆట మధ్యలో ఆపేశారట.

"జెమ్మీ! అందరం సూసినామమ్మా. పాస్టరమ్మ కూడా సూసింది. ఎంత మర్యాదగా, ఎంత ఎడంగా ఆడినారమ్మా! మీ తర్వాతోళ్ళు వచ్చినారే, మేము సూడలేకపోయినాము. ఒగరి మీద ఒగరు పడి, ఛీ ఛీ. అది ఆపేసి ప్రార్థన చేసినాము." పక్కన ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "నా కూతురని చెప్పుకొని తలెత్తుకొని కూసున్నానమ్మా."

మా నాన్న అంత సంతోషంగా మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ఫస్టు మీదే గదా?" అన్నాడు.

"కాదు నాన్నా."

"యాల?" నిజంగా అర్థం కాలేదు ఆయనకు. "అంత పద్ధతిగా ఆడినోళ్ళకి ఇయ్యకుండా ఇంకెవరికిస్తారు?"

అరవాలనుంది. ఫోను గోడకేసి కొట్టాలనుంది. అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"మా తర్వాతోళ్ళకి ఇచ్చినారు నాన్నా," అన్నాను. "మీరు సూడలేకపోయినోళ్ళకి."

ఆయన వెనకాల హాల్లో ఎవరో మేము గెలిచామనుకొని స్తుతి పాట ఎత్తుకున్నారు, అందరూ గొంతు కలిపారు. ఆయన వాళ్ళను ఆపలేదు. ఫోనూ పెట్టేయలేదు. పాట అయిపోయేదాకా మేమిద్దరం చెరో వైపు అట్లే ఉండిపోయాము.